మార్చిలో నాటి మేలో ఎండబెట్టకండి: నీడ మొక్కల పెంపకందార్ల బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పట్టణాల్లో పార్కులు, రోడ్డు మధ్య మొక్కలు, గోడ తోటలు చూసే ఇంజనీర్లకు, ఉద్యాన సిబ్బందికి, టెండర్లు రాసేవారికి, బిల్లులు మంజూరు చేసేవారికి,

నమస్కారం.

మేం ఆర్కిడ్లు, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, క్రోటన్ లాంటి ఆకు మొక్కలు పెంచేవాళ్ళం. నెలలో మొదటి ఆదివారం ఎవరో ఒకరి డాబా మీద కలుస్తాం. పిలకలు ఇచ్చిపుచ్చుకుంటాం, కుండీలు మారుస్తాం, జబ్బుపడ్డ మొక్క తెచ్చినవాళ్ళకు ఏం చేయాలో చెబుతాం. మాలో పంతుళ్ళున్నారు, రైసుమిల్లు గుమస్తాలున్నారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులున్నారు. ఇంటి పని చూసుకుంటూ పెంచే ఆడవాళ్ళు అందరికన్నా ఎక్కువ. ప్రజల డబ్బుతో కొన్న మొక్కలు ఏటా వేసవిలో ఒకే తీరున చస్తున్నాయి. ఎందుకు చస్తున్నాయో మాకు తెలుసు. చెబుదామంటే వినే చెవి దొరకలేదు కనుక ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

మేం అడిగినవి మూడు. పార్కులో తాళం వేసి వదిలేసిన షేడ్‌నెట్ షెడ్డును ఆదివారం పూట తెరవమన్నాం. పార్కు గదుల కప్పు మీద పడే వాన నీళ్ళు పట్టుకునేందుకు ట్యాంకు పెట్టమన్నాం. కొత్త మొక్కలు కొనేముందు జాబితా ఒక్కసారి చూపమన్నాం. మాకంటూ పైసా అడగలేదు. సోమవారం అర్జీల్లో రాసి ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. పరిశీలనలో ఉందన్నారు. అది పరిశీలనలో ఉండగానే మార్చిలో కొత్త లోడు దిగింది, నాటారు, మే వచ్చేసరికి గోడ తోట కుండీల్లో ఎండుటాకులే మిగిలాయి.

ఏ ఊరు, ఏ కార్యాలయం అని రాయడం లేదు. పేరు రాస్తే మొక్కల సంగతి పోయి పరువు సంగతి వస్తుంది. పైగా ఇది ఒక్క ఊరి జబ్బు కాదు.

1. కాలం కాని కాలంలో నాటుతున్నారు. మిగతా తప్పులన్నీ దీని వెనకే.

నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ప్రకాశంలో సముద్రం పక్క మండలాలకూ అంతే. లోపలి మండలాలకు నైరుతి కొంత ఆదుకుంటుంది. జనవరి దాటాక ఆకాశం వైపు చూడక్కర్లేదు. మేలో 42 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. పడమటి గాలి తిరిగిందంటే మధ్యాహ్నానికి గాలిలో తేమ బాగా పడిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. రోళ్ళే పగిలే ఎండకు, రెండు నెలల కింద కడియం నుంచి లారీలో వచ్చిన అగ్లోనిమా ఏపాటిది?

కడియం నర్సరీలో ఆ మొక్క గోదావరి కాలువ నీళ్ళు తాగి, నీడలో, తేమ గాలిలో పెరిగింది. దాని ఆకు పలచన. అలాంటిదాన్ని దించిన రోజే గోడకు తగిలించకూడదు. 15 నుంచి 20 రోజులు 75 శాతం నీడనిచ్చే నెట్టు కింద ఉంచి, నీళ్ళకూ నీళ్ళకూ మధ్య వ్యవధి కొద్దికొద్దిగా పెంచుతూ ఊరి గాలికి అలవాటు చేయాలి. తర్వాత కొత్త కుండీలో వేరు సాగి అంచు తాకడానికి 8 నుంచి 10 వారాలు పడుతుంది. మార్చి మొదటి వారంలో నాటితే ఆ పది వారాలు సరిగ్గా మే నడుమకు తీరుతాయి. వేరు నిలదొక్కుకునే రోజూ, ఎండ నడినెత్తికెక్కే రోజూ ఒకటే. అదే మొక్కను జులైలో తెచ్చి, ఆగస్టులో నీడన ఉంచి, సెప్టెంబరులో నాటితే అక్టోబరు వానలే దాన్ని పెంచుతాయి. మార్చి నాటికి అది ఎండకు సిద్ధంగా ఉంటుంది.

మార్చిలోనే ఎందుకు నాటుతున్నారో మాకూ తెలుసు. 31వ తేదీ దాటితే బడ్జెట్టు మురిగిపోతుంది. ఆ ఇబ్బంది మీ చేతుల్లోది కాదనీ తెలుసు. అయితే మార్చిలో ఖర్చు పెట్టక తప్పదంటే చావనివి కొనండి. పైపులు, ఫిల్టర్లు, నెట్టు, ట్యాంకులు, కుండీలు మార్చిలో కొనవచ్చు. మొక్కలకు మాత్రం ధర ఖాయం చేసి, సెప్టెంబరులో దించేలా ఒప్పందంలో తేదీ రాయవచ్చు.

2. పోస్తున్న నీళ్ళు మొక్కల నీళ్ళు కావు.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన 10500 ప్రమాణం ప్రకారం లీటరులో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదు. వేరే దిక్కు లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మనిషికి మూత్రపిండాలున్నాయి కనుక సరిపోయింది. చెట్టు కొమ్మ మీద వాన చుక్కతో, మంచుతో బతకడానికి పుట్టిన ఆర్కిడ్‌కు 200 లోపు ఉంటేనే హాయి. 300 దాటితే ప్రతి వారం కడిగి కాపాడుకోవాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు 1000 దాటడం చాలా చోట్ల చూస్తాం. ట్యాంకరు నీళ్ళయితే ఏ బోరువో ఎవరూ అడగరు.

ఉప్పు నీళ్ళ గుర్తులు ఇవి. ముందు ఆకు కొస గోధుమరంగుకు తిరుగుతుంది. కుండీ అంచునా, బొగ్గు ముక్కల మీదా తెల్లటి పొర కడుతుంది. వేరు కొసన ఉండాల్సిన ఆకుపచ్చ మొన మాడి నల్లబడుతుంది. నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువైతే కుండీలో పీహెచ్ పెరిగి ఇనుము అందదు; లేత ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. దీన్ని చూసి ఎరువు చాలలేదనుకుని నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19-19-19 ఇంకో గుప్పెడు వేస్తారు. ఎరువూ ఉప్పే. ఉన్న జబ్బు రెట్టింపవుతుంది. ఆర్కిడ్‌కు ఆ ఎరువు లీటరుకు 1 గ్రాము, వారానికోసారి, అదీ తడిసిన వేరుకే. నాలుగో వారం ఉత్త నీళ్ళు కుండీ నిండి కారిపోయేలా రెండు మూడుసార్లు పోసి కడగాలి.

నీళ్ళలో కరిగిన లవణాలు (టీడీఎస్) కొలిచే మీటరు ధర కొన్ని వందల రూపాయలు. కొలిచాక లెక్క తేలిక. 300 లోపు నీళ్ళకు ఆర్కిడ్లు, కెలాథియా. 300 నుంచి 700 దాకా మనీ ప్లాంట్, క్రోటన్, డ్రసీనా. 1000 దాటిందా, ఆ పార్కులో శాన్సివేరియా, కాగితం పూలు, అడీనియం నాటి ఊరుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ నీళ్ళతో ఆర్కిడ్ గోడ కట్టడమే సిగ్గుచేటు.

ఇక వాన నీళ్ళ లెక్క. పార్కులో వాచ్‌మన్ గది, మరుగుదొడ్లు, జిమ్ షెడ్డు కలిపి 100 చదరపు మీటర్ల కప్పు ఉందనుకుందాం. ఒక మిల్లీమీటరు వానకు 100 లీటర్లు. తడికీ ఆవిరికీ 20 శాతం పోగా 80. నవంబరులో 50 మిల్లీమీటర్ల వాన ఒకటి పడితే 4000 లీటర్లు. 200 ఆర్కిడ్ కుండీలకు కుండీకి 200 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 40 లీటర్లు. జనవరి నుంచి జూన్ దాకా 180 రోజులకు 7200 లీటర్లు. ఏప్రిల్, మేలలో రెండు పూటలా పోయాలి కనుక ఇంకో 2400. అంతా కలిపి పదివేలు దాటదు. 5000 లీటర్ల ట్యాంకులు రెండు చాలు, మూడు పెద్ద వానలకు నిండుతాయి. ప్రతి వానలో మొదటి 200 లీటర్లు బయటికి వదిలేయాలి. కప్పు మీది దుమ్ము, పక్షి రెట్ట, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు అందులో పోతాయి. మూతకూ, పొంగు గొట్టానికీ సన్నటి జాలీ కట్టకపోతే దోమలు పెరుగుతాయి. నీళ్ళు చాలని ఏడాది మూడు బిందెల వాన నీళ్ళకు 900 టీడీఎస్ బోరు నీళ్ళు ఒక బిందె కలిపితే 250 దగ్గర నిలుస్తుంది. అంతమాత్రానికి ఆర్వో ప్లాంటు అక్కర్లేదు.

గోడ తోటల డ్రిప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గంటకు 2 లీటర్ల డ్రిప్పరు 5 నిమిషాలు తిరిగితే కుండీలో పడేది 170 మిల్లీలీటర్లు. మేలో పడమటి గోడ మీది చిన్న కుండీకి అది సగం పూటకు సరి. గట్టి నీళ్ళలోని సున్నం డ్రిప్పరు నోట్లో పేరుకుంటే ఆ 170 కూడా పడదు. పై వరస ఎండుతుంది, కింది వరస కుళ్ళుతుంది. 120 మెష్ డిస్క్ ఫిల్టరు పెట్టి వారానికోసారి విప్పి కడగాలి. నెలకోసారి సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు గొట్టంలో రాత్రంతా నిలిపి, పొద్దున చివరి మూత విప్పి వదిలేయాలి. టైమరులో బ్యాటరీ లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది అన్నీ మరిచిపోతుంది. చాలా గోడ తోటల చావుకు కారణం ఆ చిన్న బ్యాటరీయే.

3. కుండీలో నింపుతున్నది వేరుకు ఊపిరాడనిది.

టెండరులో “ఎర్రమట్టి, పశువుల ఎరువు” అని ఒక్క వాక్యం ఉంటుంది, అన్ని మొక్కలకూ అదే. పొలంలో నాటే మొక్కకు సరే. గోడకు వేలాడే లీటరు కుండీలో అది నాలుగు తడులకు గట్టిపడి ఇటుకైపోతుంది. ఆర్కిడ్‌కైతే మట్టి విషంతో సమానం. దాని వేరు గాలి పీల్చే వేరు.

కావలసినవన్నీ మన దగ్గరే ఉన్నాయి, కొన్ని చెత్తగా పడి ఉన్నాయి. తీరం పొడుగునా సరుగుడు బొగ్గు దొరుకుతుంది. బాగా కాలిన ఇటుక ముక్కలు ఏ కట్టుబడి దగ్గరైనా దొరుకుతాయి. వేసవిలో బోండాం బండ్ల దగ్గర గుట్టలు పడే డొక్కల్ని ఎత్తి పోయడానికి మీరే బండ్లు పంపుతున్నారు. డెండ్రోబియం ఆర్కిడ్‌కు 2 పాళ్ళు బొగ్గు, 1 పాలు ఇటుక, 1 పాలు కొబ్బరి పీచు ముక్కలు, అన్నీ రెండు మూడు సెంటీమీటర్ల సైజు. బొగ్గు మసి పోయేదాకా కడగాలి. కొబ్బరి ముక్కలు తీరపు ఉప్పుతో ఉంటాయి కనుక 24 గంటలు నానబెట్టి వంచేయాలి, ఇలా మూడుసార్లు. వంచిన నీళ్ళ టీడీఎస్, పోసిన నీళ్ళకన్నా 100కు మించి ఎక్కువ లేనప్పుడు ఆపాలి. చివర లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ నీళ్ళలో ఒక రాత్రి ఉంచి కడిగితే మిగిలిన సోడియం, పొటాషియం వదులుతాయి. బోండాం డొక్క లేతది, ఏడాదిలో కుళ్ళుతుంది. ముదురు కాయ పీచు రెండేళ్ళు ఆగుతుంది. ఆ తేడా తెలిసి వాడాలి.

అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్‌లకు 2 పాళ్ళు కడిగిన కొబ్బరి పొట్టు, 1 పాలు నల్లగా మాడ్చిన ఊక, 1 పాలు చివికిన కంపోస్టు, 1 పాలు గరుకు ఇసుక. మన రైసుమిల్లుల దగ్గర ఊకకు కరువా? కాకపోతే బాయిలరులోంచి వచ్చే తెల్ల బూడిద వద్దు, పీహెచ్ పెంచుతుంది. సగంలో ఆర్పిన నల్ల ఊకే కావాలి. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు ఉడుకుతుంది, పురుగూ పడుతుంది.

4. తాళం వేసిన ఆ షెడ్డు.

మేం చూసిన షెడ్డు ఎనిమిది అడుగుల ఎత్తు, పైన 90 శాతం నల్ల నెట్టు, కింద సిమెంటు గచ్చు, పడమర వైపు ఏమీ లేదు. కట్టినవాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం లేదు, కానీ అది నీడ కాదు, పొయ్యి. నల్ల నెట్టు వేడిని పీల్చుకుంటుంది, తక్కువ ఎత్తులో ఆ వేడి మొక్కల మీదే నిలుస్తుంది, గచ్చు దాన్ని రాత్రి పదింటి దాకా పట్టుకుంటుంది. 90 శాతం నీడలో డెండ్రోబియం కాడలు సన్నగా సాగి పూత మానేస్తాయి.

పడగొట్టనక్కర్లేదు. కాళ్ళకు పైపు అతుకులు వేసి 12 అడుగులకు లేపాలి. డెండ్రోబియం, వాండా ఆర్కిడ్ల వైపు 50 శాతం, ఆకు మొక్కలూ ఫెలనాప్సిస్ ఆర్కిడ్లూ ఉండే వైపు 75 శాతం, తెల్లదో ఆకుపచ్చదో నెట్టు మార్చాలి. పడమర వైపు నెట్టు దించి, మేలో దానికి గోనెపట్టాలు కట్టి తడపాలి. గచ్చు మీద నాలుగు అంగుళాల కంకర, ఇసుక పరిచి మధ్యాహ్నం నీళ్ళు చల్లితే తేమ నిలుస్తుంది. బెంచీలు రెండున్నర అడుగుల ఎత్తులో, జాలీతో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పైన 200 మైక్రాన్ల పాలిథిన్ కావాలి. రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు ఫెలనాప్సిస్ మొవ్వులో నీళ్ళు నిలిచి కుళ్ళుతుంది. కానీ వాయుగుండం హెచ్చరిక రాగానే ఆ పాలిథిన్ చుట్టి కింద పెట్టాలి, లేదంటే గాలి షెడ్డునే ఎత్తుకుపోతుంది. తాళ్ళు గట్టి ముడి కాకుండా జారుముడి వేసేది అందుకే.

ఆ తాళం వల్ల నష్టపోతున్నవాళ్ళ గురించి కూడా చెప్పాలి. పూలున్న ఫెలనాప్సిస్ కుండీని నాలుగైదు వందలు పెట్టి పెళ్ళిరోజుకో గృహప్రవేశానికో కొంటారు. దాని వేర్ల నడుమ నర్సరీవాళ్ళు కుక్కిన స్ఫాగ్నమ్ నాచు ముద్ద ఉంటుంది. చల్లటి ఊళ్ళో అది సరే, మన ఉక్కలో అది తడి గుడ్డలా నిలిచి వేర్లను కుళ్ళబెడుతుంది. పూలు రాలిన వారంలో ముద్ద విప్పి, మెత్తబడ్డ వేర్లు కోసి, కోతల మీద దాల్చినచెక్క పొడి అద్ది, బొగ్గులో మార్చితే బతుకుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి మళ్ళీ పూల కాడ వేస్తుంది. ఇది పది నిమిషాల పని. చూపించే చోటు లేక కుండీలు చెత్తబండిలోకి పోతున్నాయి. సింబీడియం ఆర్కిడ్ పేరుతో అమ్మేది ఎంత సాకినా ఇక్కడి వేడిలో పూయదని చెప్పేవాళ్ళు లేక జనం మళ్ళీ మళ్ళీ కొంటున్నారు. కత్తెరను మంట మీద కాల్చకుండా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వాడితే వైరస్ పాకుతుందనీ, దానికి మందు లేదనీ తెలియక మంచి మొక్కల్ని కూడా పోగొట్టుకుంటున్నారు. ఆదివారం ఆరు నుంచి తొమ్మిది దాకా షెడ్డు తెరిస్తే ఇవన్నీ మేం ఉచితంగా చేస్తాం. తోపుడు బండి మీద మొక్కలమ్మేవాళ్ళు కూడా రావచ్చు. వాళ్ళ దగ్గర మొక్క బతికితేనే కొన్నవాళ్ళు మళ్ళీ వస్తారు.

5. పిల్లలు, నడకకొచ్చేవాళ్ళు.

ఊయల పక్కన డైఫెన్‌బేకియా నాటారు. దాని కాడలో, ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చిన్నపిల్ల కొరికితే నోరు మండి నాలుక వాస్తుంది. అలా జరిగితే నోరు తుడిచి కడిగించి చల్లటి పాలో నీళ్ళో కొద్దిగా పట్టాలి, వాంతి చేయించకూడదు. మింగడం, ఊపిరి కష్టమైతే ఆలస్యం లేకుండా ఆస్పత్రికి. కలాడియం, ఫిలోడెండ్రాన్, అగ్లోనిమా కూడా ఆ కుటుంబమే. వీటిని తీసేయమనడం లేదు, పిల్లల చేయి అందని చోటికి మార్చమంటున్నాం. ఆటస్థలం అంచుకు మందార, అరేకా పామ్ సరిపోతాయి.

పురుగుమందు పొద్దున నడక వేళ కొట్టడం మానేయండి. పార్కు మూశాక కొట్టి, మర్నాడు బోర్డు పెట్టండి. నల్లికి గంధకం కొట్టే అలవాటుంది. 32 డిగ్రీలు దాటిన రోజుల్లో కొడితే నల్లికన్నా ముందు ఆకు మాడుతుంది. పొలుసు పురుగుకు, పిండినల్లికి లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు సబ్బు ద్రావణం, సాయంత్రం, వారం తేడాతో మూడుసార్లు.

దోమల పేరు చెప్పి కుండీలు తన్నేసిపోతారు కొందరు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం పది రోజులు పడుతుంది. పళ్ళేలు, బ్రొమీలియడ్ మొవ్వులు వారానికోసారి వంచి కడిగితే చాలు.

6. మొక్క చస్తే మాట పడేది మాలీ.

కొన్నదీ, కాలం నిర్ణయించిందీ, నీళ్ళు ఇచ్చిందీ వేరేవాళ్ళు. జీతం దగ్గర సంజాయిషీ మాత్రం మాలీ ఇవ్వాలి. వాళ్ళకు చేతి తొడుగులు లేవు, మందు కొట్టేటప్పుడు మాస్కు లేదు. ఏటా రెండు పూటలు కేటాయించండి, పని వేళల్లోనే, కూలి కోత లేకుండా. కుండీ ఎత్తి బరువు చూసి నీళ్ళు పోయడం, ఫిల్టరు విప్పడం, టీడీఎస్ కొలవడం, కత్తెర కాల్చడం మేం నేర్పుతాం. ఇంకేం అక్కర్లేదు.

7. కొట్టేస్తున్న చెట్ల మీది ఆర్కిడ్లు.

మన ఊళ్ళ పాత మామిడి చెట్ల మీద వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ దానంతటదే పెరుగుతుంది. ఆకుపచ్చ, గోధుమరంగు గళ్ళ రెక్కలు, నీలం పెదవి, మంచి వాసన. దాన్ని బదనికలతో కలిపి గీకి పారేస్తున్నారు. బదనిక కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. వాండా బెరడును పట్టుకుంటుందంతే, చెట్టుకు దానివల్ల నష్టం లేదు. రోడ్డు వెడల్పుకో కరెంటు తీగలకో చెట్టు కొట్టే ముందు రెండు రోజులు మాకు చెప్పండి. వేళ్ళు పీకకుండా కొమ్మ బెరడుతో సహా కోసి, గరుకు బెరడున్న మామిడికో చింతకో తూర్పు వైపు, ఆరడుగుల పైన, కొబ్బరి తాడుతో కట్టి, వేరు మొన మళ్ళీ పచ్చబడేదాకా రోజూ తడుపుతాం. జామ, యూకలిప్టస్ పనికిరావు, బెరడు రాలుస్తాయి.

ఇది ప్రజలకూ చెబుతున్నాం: పెంచలకోన, భైరవకోన వైపు వెళ్ళినప్పుడు అడవి ఆర్కిడ్ పీక్కురావద్దు, ఎవరన్నా అమ్మితే కొనొద్దు. అభయారణ్యంలో మొక్క పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆర్కిడ్ విత్తనంలో దాచుకున్న ఆహారం ఉండదు, తగిన శిలీంధ్రం దొరికితేనే మొలుస్తుంది. పీకినదాని చోటు నిండటానికి ఏళ్ళు పడుతుంది. మేం మా కలయికల్లో అడవి మొక్క తెచ్చినవాళ్ళను రానివ్వం.

ఇక మా డిమాండ్లు.

ఒకటి, ఈ సెప్టెంబరుకు ముందు ఏ పార్కులోనూ నీడ మొక్కలు నాటవద్దు. ఇకపై ఒప్పందాల్లో నాటే నెల రాయండి.

రెండు, మొక్కల బిల్లులో సగం నాటినప్పుడు, మిగతా సగం జూన్ 30న బతికినవి లెక్కపెట్టాక ఇవ్వండి. మార్చి 31న లెక్కపెడితే అన్నీ పచ్చగానే ఉంటాయి.

మూడు, ప్రతి పార్కు గేటు దగ్గర నీటి టీడీఎస్ నెలకోసారి రాసి పెట్టండి. కొలవడం మేం చేస్తాం.

నాలుగు, వాన నీటి ట్యాంకులు అక్టోబరు లోపు. నెల ఆలస్యమైతే ఏడాది ఆలస్యమైనట్టే.

ఐదు, షెడ్డు తాళం. ఒక తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, ఒకటి మా దగ్గర, రిజిస్టరులో సంతకం. ఏ మొక్క పోయినా మాదే బాధ్యత అని రాసిస్తాం.

ఆరు, ఊయలల పక్క డైఫెన్‌బేకియాను ఈ వారమే మార్చండి. దీనికి టెండరు అక్కర్లేదు, రెండు పారలు చాలు. పారలు కూడా మేమే తెస్తాం.

ఈ లేఖకు నెల రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద పార్కుల వారీగా మూడు వివరాలు అడుగుతాం: మొక్కలు ఏ తేదీన నాటారు, ఎన్ని కొన్నారు, జూన్ చివరికి ఎన్ని బతికాయి. వచ్చిన కాగితాలు వచ్చినట్టే పార్కు గేటుకు అంటిస్తాం. ఆ అవసరం రాకుండా మీరే పిలిస్తే, ఏ ఆదివారమైనా పొద్దున ఆరింటికి మీటరు తీసుకుని షెడ్డు దగ్గరికి వస్తాం. మీ ఇంజనీరును కూడా పంపండి, 12 అడుగుల ఎత్తు ఎలా తేవాలో ఆయనతోనే మాట్లాడాలి.

ఇట్లు,
ఆర్కిడ్లు, ఆకు మొక్కలు పెంచే సభ్యులు,
నెల్లూరు